పలనాటికి వచ్చిన ఖర్జూరము

మన యిండ్లలో నిశ్చయతాంబూలమునాడు పళ్లెరమందు వక్కలు, పసుపుకొమ్ములు, ఎండు ఖర్జూరపుకాయలు తప్పక యుంచుదురు. అంగడివాని పూజసామగ్రి పట్టికలో కూడ ఈ మూడింటి పేర్లు ఒకదానివెంట నొకటి వచ్చును. పెండ్లియైన పిదప ఆ ఖర్జూరములేమగునో విచారించినవారు తక్కువ. కొన్ని పురోహితుని మూటలోనికి పోవును. మిగిలినవి దేవునిగూటిలో నొక డబ్బాయందు పురుగుపట్టువరకు నుండును. ఇంటిలో నెలలు నిండిన కోడలున్నను, పాలు మాన్పించిన పసిబిడ్డ యున్నను ఆ డబ్బా మూత తీయబడదు. తినుటకు పుట్టిన పండు మనకు శుభసూచకమై, తినరాని వస్తువైనది. ఇది ఎట్లు జరిగినది? ఈ పండు మన పలనాటికి ఏ దారిని వచ్చినది, ఎవరికొఱకు వచ్చినది, ఎవరికి అందలేదు? ఈ ప్రశ్నలకు దొరకినంత సమాధానమును చదువరుల ముందుంచెదను.

ముందుగా పేరు సంగతి. సంస్కృతమున ఖర్జూరశబ్దము రెండు చెట్లకు చెల్లినది. ఒకటి అరబ్బు, పారసీక దేశముల తీయని ఖర్జూరము. రెండవది మన వాగుల యొడ్డున, చేలగట్లపైన తమంత తాము పెరుగు ఈతచెట్టు. అమరకోశము ఖర్జూరమును తాటి, మొగలి మొదలగువానితో జేర్చి తృణద్రుమములలో లెక్కించినది. ఇవి రెండును ఒకే కుటుంబమున పుట్టిన దాయాదులని నేటి వృక్షశాస్త్రము కూడ చెప్పుచున్నది. పదునారవ శతాబ్దివాడగు భావమిశ్రుడు తన భావప్రకాశమున ఈ చిక్కు విడదీసి, నేల యీతకాయ వేరు, పిండఖర్జూరము వేరు, ఛోహార యను నెండుకాయ వేరు అని మూడు తెగలు చేసెను. పిండఖర్జూరము పశ్చిమదేశమున పుట్టునదనియు, ఛోహార పరద్వీపమునుండి యిచ్చటికి వచ్చినదనియు వ్రాసెను. కనుక మన తాంబూలపు పళ్లెములోని కాయ పరదేశి యని మన వైద్యులు ఎఱుగుదురు. పురోహితులకు మాత్రము ఆ సంగతితో పనిలేకపోయినది. సముద్రము దాటిన బ్రాహ్మణుని వెలివేసిన దినములలోనే సముద్రము దాటివచ్చిన కాయ మంగళద్రవ్యములలో గూర్చుండెను!

ఇచ్చిపుచ్చుకొనుటలో నొక వింత కూడ గలదు. అరబ్బు వర్తకులు మన చింతపండును జూచి, దాని నలుపును, పిసికిన ముద్దయొక్క రూపమును తమ ఖర్జూరముతో పోల్చి ‘తమర్ హిందీ’, అనగా హిందూదేశపు ఖర్జూరము, అని పేరుపెట్టిరి. ఇంగ్లీషువారి ‘టామరిండు’ శబ్దము దానినుండి పుట్టినదే. వారి తీపి మనకు శుభము; మన పులుపు వారికి ఖర్జూరము.

చరకసంహితయందు శ్రమహరములని పది ద్రవ్యముల గణమొకటి చెప్పబడినది. అందు ద్రాక్ష, ఖర్జూరము, రేగు, దానిమ్మ, చెఱకు, యవలు, షష్టికధాన్యము మొదలైనవి కలవు. మఱియొకచోట ఖర్జూరమును, ద్రాక్షను, చింతపండును, దానిమ్మను, ఉసిరికను నీటబిసికి చేయు మంథమును మద్యపానమువలన గలిగిన వికారములకు విధించినాడు. ఈ పట్టికను జూచినప్పుడు నాకు తోచునది యొక్కటే. ప్రాచీనవైద్యుడు అలసిన దేహమునకు తీపి కావలెనన్నాడుగాని, ఆ తీపి దూరదేశపుదే కావలెనని పట్టుబట్టలేదు. రాజుగారికి ద్రాక్షయు, పశువుల కాపరికి రేగుపండును ఒకే గణములో జేర్చినాడు. తరువాతి వారమైన మనమే పండ్లకు కూడ అంతస్తులు కల్పించితిమి.

ఇక సముద్రమార్గము. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున పేరు తెలియని గ్రీకు నావికుడొకడు ‘ఎరిత్రసముద్ర పెరిప్లసు’ అను గ్రంథమున, పారసీక సింధుశాఖలోని రేవులనుండి బరుగజకు, అనగా నేటి భరూచికి, ఏయే సరకులు వచ్చెడివో చెప్పినాడు. ముత్యములు, మద్యము, బంగారము, బానిసలు, వానితోపాటు విస్తారముగ ఖర్జూరములు! ఒకే యోడ కడుపులో పండును, మనుష్యుడును సరకులై వచ్చిరన్నమాట చదివినపుడు ఆ తీపి కొంచెము చేదగును. ఆ గ్రంథమే మన కృష్ణాతీరపు మసలియాదేశమున సన్నని బట్టలు విస్తారముగ నేయబడునని చెప్పుచున్నది. నాగార్జునకొండలోయలో, అనగా నిక్ష్వాకుల విజయపురియందు, త్రవ్వకములలో రోమక చక్రవర్తుల బంగారు నాణెములు దొరకినవి. సింహళభిక్షువులకు అచ్చట విహారముండెడిది. ఇట్లు మాచర్లకు కూతవేటు దూరమున నున్న ఆ లోయ, పదునెనిమిది వందల ఏండ్ల క్రిందట ప్రపంచవాణిజ్యమునకు వాకిలి తెరచి యున్నదే. నేడా నగరముపైన నాగార్జునసాగరపు నీరు నిలిచియున్నది. ఆ ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలబడినది.

మోటుపల్లి రేవు సంగతి మన చదువరులలో పెక్కండ్రకు తెలిసినదే. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో అచ్చట వర్తకులకు అభయశాసనము వ్రాయించెను. అంతకుముందు గాలివానకు కొట్టుకొనివచ్చిన యోడల సరకులను రాజులు దోచుకొనెడివారు. ఆ దురాచారమును మాన్పి, నియమిత సుంకము మాత్రమే గైకొందునని ఆయన మాట యిచ్చెను. చందనము, కర్పూరము, చీనికర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, పట్టునూలు, మిరియములు, వక్కలు, ఇట్లు సుంకపు సరకులను అందు పేర్కొనిరి. ఖర్జూరము పేరు అందు కానరాదు. అది లేకుండుట ఒక సాక్ష్యమే. తూర్పుతీరమున అది పెద్దసరకు కాదు. వచ్చినను కొలదిగ, పడమటి రేవులనుండి చేతులు మారి వచ్చినదై యుండవలెను.

కొండవీటి రెడ్డిరాజుల కాలమునకు సంగతి కొంత స్పష్టమగును. కొండవీడు నేటి పలనాడు జిల్లాలోనిదే. కుమారగిరిరెడ్డికి సుగంధద్రవ్యములు సమకూర్చిన అవచి తిప్పయసెట్టికి శ్రీనాథుడు హరవిలాసము నంకితమిచ్చినాడు. ఆ సెట్టి కుటుంబము ఓడలపై తెప్పించిన వస్తువులలో హురుముంజి గుఱ్ఱములు చెప్పబడినవి. హురుముంజి యనగా హోర్ముజు. అంతకు నూరేండ్లక్రిందట ఆ రేవును జూచిన మార్కోపోలో, అచ్చటి జనుల యాహారము ఖర్జూరములు, ఉప్పుచేపలు, ఉల్లిగడ్డలు అని వ్రాసెను. గోధుమరొట్టెయు మాంసమును తిన్నచో వారికి జబ్బుచేయునట! ఖర్జూరములతో సుగంధద్రవ్యములు కలిపి మద్యము చేయుదురనియు, ఇనుపమేకులు లేక నారత్రాళ్లతో కుట్టిన యోడలలో గుఱ్ఱములను హిందూదేశమునకు పంపుదురనియు కూడ వ్రాసెను. ఆ గుఱ్ఱములు దిగిన యోడలో నావికుల సంచులనిండ ఖర్జూరములు ఉండియుండునని ఊహింపవచ్చును. కాని ఊహను చరిత్ర యనరాదు గావున అంతటితో నాపెదను.

ఆ శ్రీనాథుడే పలనాటికి వచ్చి చూచినప్పుడు ఏమి చెప్పెనో మన పిల్లలకు కూడ కంఠస్థమే. రాళ్లును, తేళ్లును, జొన్నసజ్జల కూడును తప్ప ఈ సీమలో ఏమియు లేదని ఆయన పేర ప్రచారములోనున్న చాటువులు ఈసడించుచున్నవి. రాజసభలో సన్నబియ్యపుటన్నము, నేయి మరగిన కవికి సజ్జకూడు గొంతు దిగకపోవుట వింతకాదు. నేటి ఆహారశాస్త్రము మాత్రము పలనాటి కాపు పక్షముననే సాక్ష్యము చెప్పుచున్నది. నూరు గ్రాముల సజ్జలలో ఆరు మిల్లీగ్రాములకు పైగా ఇనుమున్నది. అంతే తూకముగల తెల్లని మరబియ్యములో ఒక మిల్లీగ్రామైనను లేదు. కవిసార్వభౌముడు వెక్కిరించిన కంచములోనే రక్తపుష్టి యుండెను. కొరవడినది తీపి.

ఆ కంచములో తీపి యేల కొరవడెను? చెఱకునకు నీరు కావలెను. నాగులేరు, చంద్రవంక వానకాలపు నదులు. సాగరపు కాలువలు రాకమునుపు పలనాటిలో చెఱకు పండించుట సామాన్యుని పని కాదు. ఊరిబెల్లము పండుగనాటి వస్తువు. కాని తీపి నిచ్చు చెట్టు వాకిటనే యుండెను. అది పైన జెప్పిన ఈత. దాని పండులో గింజయే పెద్దది, గుజ్జు పొరవంటిది. అయినను చెట్టు మొవ్వుకు దిగువ చెక్కి కుండ కట్టినచో దిగు రసమున నూటికి పది, పండ్రెండు పాళ్లు చక్కెర యుండును. వంగదేశమున ఇదే చెట్టునుండి, వేరుజాతి కాదు, ఇదే ఈతనుండి, శీతకాలమందు రసము దీసి, తెల్లవారుజామున కాచి బెల్లము వండుదురు. పందొమ్మిదవ శతాబ్దమున జెస్సోరు మండలమంతయు ఈ యీతచక్కెర పరిశ్రమతో వర్ధిల్లినది. సంక్రాంతిపండుగకు వారి పిఠాపూపములు ఆ బెల్లముతోనే చేయుదురు. మనము ఏమి చేసితిమి? అదే రసమును పులియబెట్టి త్రాగితిమి. అక్కడ బిడ్డలు నాకిన తీపి ఇక్కడ తండ్రుల తలకెక్కినది.

ఈ మాట చెప్పి గీతపనివారిని దూషించుట నా యుద్దేశము కాదు. వారు చెట్టెక్కి ప్రాణమునకు తెగించి బ్రతుకుచున్నవారు. దోషము రెండుచోట్ల నున్నది. ఒకటి వాతావరణమున. వంగదేశపు చలిరాత్రులలో రసము తెల్లవారువరకు చెడక నిలుచును. మన యెండలలో కొలది గంటలలో పులియును. కుండలోపల సున్నము పూసి, దింపిన వెంటనే కాచిననే తప్ప బెల్లము కాదు, ఎనిమిది, పది సేర్ల రసమును మరగించినగాని ఒక సేరు బెల్లము దిగదు, కట్టెలు కావలెను. కట్టెలు అడవిలో నున్నవి, అడవి సర్కారుది. 1921లో పలనాటి రైతులు పుల్లరి కట్టమని అడవిసత్యాగ్రహము చేసినది ఇట్టి కట్టెపుల్లలకొఱకును, పశువుల మేతకొఱకును గదా! 1922 ఫిబ్రవరిలో మించాలపాడున కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు బలియయ్యెను. ఎండు కట్టెయు పచ్చిగడ్డియు కొనవలసిన సీమలో బెల్లపుపొయ్యి ఎట్లు మండును?

రెండవ దోషము ప్రభుత్వముది. 1886లో చెన్నపురి రాజధానికి అబ్కారీచట్టము వచ్చినది. చెట్టునకు పన్ను, అంగడికి పాట. కల్లు సర్కారు బొక్కసమునకు కామధేనువైనది. బెల్లము వండినవానివలన దొరతనమునకు వచ్చునది స్వల్పము; కల్లు అమ్మినవానివలన వచ్చునది అపారము. రాబడి ఎటు పారునో చెట్లును అటే వంగును. 1930లో ఉప్పుసత్యాగ్రహపు దినములలో గుజరాతున స్వచ్ఛందసేవకులు ఈతచెట్లను నఱికివేసిరి. ఆ యావేశము అర్థమగునుగాని, నా మనసు ఆ గొడ్డలితో ఏకీభవింపదు. చెట్టు చేసిన పాపమేమి? 1934లో వెలసిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము తాటి, ఈత రసములనుండి బెల్లము వండించుటకు బూనుకొన్నదే మేలైన మార్గము. 1937లో సేలము మండలమున మద్యనిషేధము ఆరంభించినపుడు గీతపనివారికి జూపిన బ్రతుకుదెరువులలో ఈ బెల్లపుపని యొకటి. ఆ ప్రయత్నము తెలుగుదేశమున తాటిబెల్లము రూపమున కొంత మిగిలినది. ఈతబెల్లము మాత్రము మన యిండ్లకు రాలేదు.

కరవుల కథ కూడ ఇందు కలసియున్నది. 1832–33లో, నందననామ సంవత్సరమున, గుంటూరుసీమను క్రుంగదీసిన కరవులో జనులు ఇంచుమించు మూడవవంతు నశించిరని అంచనా. 1876–78 నాటి ధాతకరవు దక్షిణదేశమునెల్ల పీడించెను. ఆ తరువాత, 1885లో, లక్నోలో పనిచేసిన బొనావియా యను వైద్యుడు హిందూదేశమున ఖర్జూరపు భవిష్యత్తును గూర్చి యొక గ్రంథము ప్రకటించి, వానలు తప్పిన యేట కూడ ఫలించు ఈ చెట్టును విరివిగా నాటినచో జనులు కరవున చావరని వాదించెను. సదుద్దేశమే. కాని ఖర్జూరమునకు పాదములు నీటిలోను తల నిప్పులోను ఉండవలెనని అరబ్బుల సామెత. ఎండకు మనకు కొదువలేదు. రెంటచింతల యెండను ఎఱుగనివా రెవరు? చిక్కు వానలో నున్నది. ఖర్జూరపుగెల పండి యెండవలసిన మాసములు మనకు సరిగా తొలకరి మాసములు. పండుచున్న గెలపై వాన పడినచో కాయ పగిలి, పులిసి, బూజుపట్టును. అందుచేతనే వానలు తక్కువైన ముల్తాను ప్రాంతమున తోటలు నిలిచినవి. మన వైపున నిలువలేదు. ఇటీవల కచ్ఛమందును, రాజస్థానపు ఎడారిజిల్లాలలోను, మన యనంతపురపు మెట్టలలో కొందఱు రైతులును ప్రయోగశాలలలో పెంచిన మొక్కలు నాటి, కాయ పూర్తిగా మాగకమునుపే, పసుపుగనో ఎఱ్ఱగనో యున్నప్పుడే, కోసి అమ్ముచు వానను తప్పించుకొనుచున్నారు. ఆడచెట్టు, మగచెట్టు వేరువేరు గావున పుప్పొడిని మనుష్యుడే చేతితో దులుపవలెను. బాబిలోను దేశపువారు వేలయేండ్లక్రిందట నేర్చిన ఈ విద్యను మనవారు ఇప్పుడిప్పుడే అభ్యసించుచున్నారు.

నరసారావుపేట, మాచర్ల, పిడుగురాళ్ల ముస్లిముల యిండ్లలో మాత్రము ఖర్జూరమెన్నడును దేవునిగూటి వస్తువు కాలేదు. రంజాను మాసమున ప్రొద్దుక్రుంకగానే ఉపవాసము విడుచునపుడు మొదట నోటబెట్టునది అదే. పగలెల్ల నన్నపానములు మానిన దేహమునకు త్వరగ శక్తినిచ్చు తీపిని ముందిచ్చి, తరువాత భోజనము చేయుట ఎంతో వివేకమైన యాచారము. పొరుగింటివారి యీ పద్ధతిని జూచియు మన గృహిణులు ఆ పండు నిత్యాహారములో జేర్పకుండుట నాకాశ్చర్యము గొల్పును. కారెంపూడి వీరుల తిరునాళ్లలో, మందపోరునాడు, బ్రహ్మనాయుని చాపకూడును నేటికిని స్మరింతుము. ఒకే చాపపై కూర్చుండి తిన్నవారము ఒకరి కంచములోని మేలును మఱొకరు గ్రహింపరాదా?

ఇక ఆ పండులో నిజముగ నున్న దేమి? నూరు గ్రాముల ఎండు ఖర్జూరమున సుమారు 280 కెలోరీల శక్తి; మూడింట రెండు వంతులు చక్కెరలే; ఎనిమిది గ్రాముల వఱకు పీచు; పొటాసియము సమృద్ధి. తెల్లచక్కెరలో తీపి తప్ప మఱేమియు లేదు. ఇందులో తీపితో పీచు, లవణములు కూడివచ్చును. ఈ మేలును ఒప్పుకొనుచునే ఒక భ్రమను తొలగింపవలసియున్నది. ఖర్జూరము తిన్నచో రక్తము పట్టునని, అది చాలునని మన వీథులలో దృఢవిశ్వాసము. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. సగముకంటె నెక్కువమంది! ఇట్టి యాపద రెండు ఖర్జూరములతో తీరదు. ఆకుకూరలు, సజ్జలు, పప్పులు, వానితో నిమ్మరసమో ఉసిరికయో, మాంసాహారులైనచో గ్రుడ్డు, మాంసము, గర్భిణులకు వైద్యులిచ్చు ఇనుపమాత్రలు, ఇవి ముఖ్యము. ఖర్జూరము వానికి తోడు, మాత్రకు బదులు కాదు. ఈ మాట గట్టిగ చెప్పుటకు కారణము కలదు. మాత్ర చేదు, వికారము అని పారవేసి, ఖర్జూరము తినుచున్నానుగదా అని తృప్తిపడు చదువుకొన్న యువతులను నేనెఱుగుదును.

అంతకంటె చెడ్డది బాలింతల పథ్యము. బిడ్డను కన్న తల్లికి పప్పు పనికిరాదు, ఆకుకూర పనికిరాదు, నీరు ఎక్కువ త్రాగరాదు అని పెద్దలు ఇప్పటికిని కొన్ని యిండ్లలో కట్టడి చేయుచున్నారు. పాలిచ్చు తల్లికి ఆకలి రెట్టింపగు దినములలోనే కంచము సగము చేయుదురు. మన ప్రాచీనవైద్యులు శ్రమహరములని చెప్పినవి ఎవరికొఱకు? ప్రసవముకంటె గొప్ప శ్రమ యేది? అత్తగారు దేవునిగూటి డబ్బా తెఱచి ఆ ఎండుకాయలను రాత్రి నీట నానవైచి, ఉదయము గింజ తీసి, పాలతో కోడలి కిచ్చినచో శాస్త్రమునకు గాని శుభమునకు గాని లోపము రాదు. గింజ తీయుట మఱవరాదు; పసిబిడ్డల గొంతున నది యడ్డుపడును. పండ్లకంటుకొను జిగురు తీపి గనుక తిన్నపిదప నోరు పుక్కిలింపవలెను. మధుమేహులు మితమెఱిగి తినవలెను.

1975 అక్టోబరు 2న దేశమున ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమువలన అంగన్‌వాడీ కేంద్రములు ఊరూర వెలసినవి. ఇటీవలి యేండ్లలో ఆంధ్రప్రదేశమున ఆ కేంద్రముల ద్వారా గర్భిణులకును, బాలింతలకును ఇంటికిచ్చిన సరకులలో రాగిపిండి, అటుకులు, బెల్లము, చిక్కీలతోపాటు ఎండు ఖర్జూరము కూడ చేరినది. ఒకప్పుడు కొండవీటి రాజుల సుగంధభాండాగారమునకు దగ్గఱి సరకైనది నేడు దుర్గి, బొల్లాపల్లి మండలములలో మిరపకోతకు పోవు కూలిస్త్రీ సంచిలో పడుచున్నది. ఇంత కాలమునకు ఈ పండు చేరవలసిన చోటికి చేరినదని చెప్పవచ్చును. కాని ఆ పొట్లము ఇంటికి వచ్చిన తరువాత ఎవరు తినుచున్నారో విచారింపవలెను. మగపిల్లవానికి నాలుగు, మామగారికి రెండు, వచ్చిన చుట్టమునకు మిగిలినవి యైనచో, సర్కారు లెక్కలో తల్లి తిన్నట్లే. తల్లి రక్తములో తిననట్లే. కేంద్రమునకు తల్లినే పిలిచి, అచ్చటనే భోజనము పెట్టు పద్ధతి కొన్నాళ్లు నడచినది ఈ కారణముచేతనే. పనిదినము పోవునని కూలివారు అచ్చటికి రాలేకపోయిరన్న మాటయు నిజమే. ఈ రెండింటి నడుమ త్రోవ వెదకవలసినది ఇంటిలోని మగవారు.

ఈతపండ్ల నైతే ఇప్పటికిని వేసవి చివర గురజాల, మాచర్ల వీథులలో బుట్టలలో తెచ్చి గిద్దెల లెక్కన అమ్ముచుందురు. అమ్మునది ముసలమ్మలు, కొనునది బడిపిల్లలు. గుజ్జు కొంచెమే, వగరుతో కూడిన తీపి. పట్టణపు టంగడిలో గాజుకాగితము చుట్టిన అరబ్బు ఖర్జూరము కొనలేని తల్లి బిడ్డకు అది కొనిపెట్టవచ్చును. ఆ దాయాదుల రుచిలో పోలిక నాలుకకు వెంటనే తెలియును.